తొమ్మిదో తరగతిలో ఈ నెల డాఖావ్ పాఠం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జులైలో ఒకరోజు ఇంటర్వెల్ బెల్ కొట్టాక తొమ్మిది-బి గదిలోకి వెళ్తే బోర్డు మీద నా బొమ్మ కనిపించింది. కళ్లద్దాలు, కొప్పు, చేతిలో బెత్తం (నేను బెత్తం ముట్టి పదిహేనేళ్లయింది, అయినా బొమ్మలో మాత్రం వదల్లేదు), ముక్కు కింద గోరంత నల్ల మీసం. దాని కింద 'హిట్లర్ మేడం' అని రాసి ఉంది. పోలికలు బాగానే కుదిరాయి. ఎవరు గీశారని అడగలేదు. రెండు నెలల్లో సోషల్‌లో నాజీయిజం పాఠం వస్తుంది కదా, అప్పుడు చూద్దాంలే అనుకుని డస్టర్ అందుకున్నాను.

ఈ మాటను మన ఇళ్లలో ఎలా వాడతామో మీకు తెలిసిందే. చీకటి పడ్డాక బయటికి పంపని నాన్న హిట్లర్. లీవు ఇవ్వని మేనేజర్ హిట్లర్. ఇంకో వాడుక కూడా ఉంది: 'మన దేశానికి ఓ ఐదేళ్లు హిట్లర్ లాంటివాడు పడాలండీ, అప్పుడుగానీ అందరూ దారికి రారు.' మీటింగులకు వచ్చినప్పుడు నా ముందే ఈ మాట అన్న పెద్దలు ఉన్నారు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. పిల్లలు పుస్తకంలో ఆ పేరు చదివే నాటికే వాళ్ల మనసులో దానికో అర్థం స్థిరపడిపోయి ఉంటోంది. హిట్లర్ అంటే బాగా స్ట్రిక్టుగా ఉండే మనిషి, అంతే.

పోయినేడాది వరకు మేం చెప్పిన పాఠం కూడా ఆ అర్థాన్ని పెద్దగా కదిలించలేదు. యుద్ధం తేదీలు, 60 లక్షల మంది యూదుల హత్య, పరీక్షలో నాలుగు మార్కుల జవాబు. పైగా పోయినేడాది ఒక పొరపాటు చేశాం. ముందుగా పూర్తిగా చూసుకోకుండా ఒక వీడియో వేశాం, అందులో శవాల గుట్టలు ఉన్నాయి. ఆ రాత్రి ఒక పాప అన్నం ముట్టలేదని వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. తప్పు మాదే.

అందుకని ఈసారి చివరి నుంచి కాకుండా మొదటి నుంచి చెప్పాలనుకున్నాం. మొదలంటే డాఖావ్. జర్మనీలో మ్యూనిక్ నగరానికి పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పట్టణం. అక్కడ మూతపడ్డ మందుగుండు ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. దాన్నే నిర్బంధ శిబిరంగా మార్చారు.

మా సోషల్ సార్ క్లాసులోకి ఒక గోడ క్యాలెండర్ పట్టుకెళ్లి పిల్లలతో రోజులు లెక్కపెట్టించారు. హిట్లర్ చాన్సలర్ (జర్మనీ ప్రభుత్వాధినేత) అయింది 1933 జనవరి 30న. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే ఒక అత్యవసర ఉత్తర్వు వచ్చి మాట్లాడే హక్కు, సభ పెట్టుకునే హక్కు, పత్రికల స్వేచ్ఛ, కారణం చూపకుండా అరెస్టు చేయకూడదన్న రక్షణ, అన్నిటినీ పక్కన పెట్టేసింది. మార్చి 22న డాఖావ్ శిబిరం తలుపులు తెరిచారు. అంటే 51 రోజులు. 'మన వేసవి సెలవులంత కూడా లేదు సార్' అన్నాడట వెనక బెంచీ అబ్బాయి. వాడి లెక్క రెండు మూడు రోజులు అటూ ఇటూ అయినా అన్న మాట నిజమే.

పిల్లలు అన్నిటికంటే ఆశ్చర్యపోయింది ఇంకోదానికి. ఇదంతా రహస్యంగా జరిగిందనే వాళ్లు అనుకున్నారు, నిజం చెప్పాలంటే నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ అప్పుడు మ్యూనిక్ పోలీసు అధిపతిగా ఉన్న హిమ్లర్ మార్చి 20న విలేకరులను పిలిచి మరీ చెప్పాడు. మర్నాడు మ్యూనిక్ పత్రికలో వార్త వచ్చింది: బుధవారం డాఖావ్ దగ్గర మొదటి నిర్బంధ శిబిరం తెరుస్తున్నాం, ఐదు వేల మంది పడతారు, కమ్యూనిస్టులను, అవసరమైతే సోషల్ డెమొక్రాట్ నాయకులను అక్కడ ఉంచుతాం, మామూలు జైళ్లలో వీళ్లందరినీ ఎక్కువ కాలం ఉంచడం ప్రభుత్వానికి భారం. బడ్జెట్ వార్తలానో రోడ్డు వెడల్పు వార్తలానో ఉంటుంది. దాన్ని పిల్లల చేత తెలుగులో రాయించాం. కాఫీ తాగుతూ ఈ వార్త చదివినవాళ్లు పేజీ తిప్పి ఏం చదివి ఉంటారని ఒకమ్మాయి అడిగింది. దానికి మా దగ్గర జవాబు లేదు.

కోర్టుకు తీసుకెళ్లకుండా, నేరం చెప్పకుండా, ఎన్నాళ్లో తేల్చకుండా మనిషిని లోపల వేయడానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'రక్షణ నిర్బంధం'. ఎవరి నుంచి ఎవరికి రక్షణ అని మీ పిల్లల్ని అడిగి చూడండి, బాగా చెబుతారు.

ఇక మంచం సంగతి. దీని మీద ఒక పీరియడ్ మొత్తం గడిచింది. డాఖావ్‌లో ఖైదీలు పొద్దున్నే గడ్డి పరుపును అట్టపెట్టెలా అంచులు తేలేట్టు సర్ది, పైన గళ్ల దుప్పటి ముడత లేకుండా పరచాలి. గిన్నె మీద నీటి చుక్క కనబడకూడదు. తేడా వస్తే కొట్టేవారు. రెండో కమాండెంట్ (శిబిరం అధికారి) ఐకె 1933 అక్టోబరులో శిక్షల పట్టికే రాశాడు. అందులో 25 కొరడా దెబ్బల శిక్ష ఉంది, ఉరి కూడా ఉంది. తర్వాత వచ్చిన శిబిరాలన్నిటికీ అదే నమూనా అయింది.

ఇది వింటుండగా మన హాస్టల్ పిల్లవాడొకడు లేచి, 'మా వార్డెన్ సార్ కూడా దుప్పటి మడత పెట్టకపోతే ఊరుకోరు మేడం' అన్నాడు. క్లాసంతా నవ్వులు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ ప్రశ్నను పట్టుకున్నాను. వార్డెన్ సార్ అన్యాయంగా శిక్షిస్తే నువ్వేం చేస్తావురా? మీకు చెబుతాను. నేను వినకపోతే? మా నాన్నకు చెబుతా. నాన్న చెప్పినా వినకపోతే? కాస్త ఆలోచించి 'డీఈఓ ఆఫీసుకు' అన్నాడు. సరే, డాఖావ్‌లో ఉన్నవాడు ఎవరికి చెప్పుకోవాలి? క్లాసు నిశ్శబ్దమైపోయింది. దుప్పటి మడత మనకూ ఉంది, వాళ్లకూ ఉంది. అక్కడ లేనిది ఆ డీఈఓ ఆఫీసు.

చెప్పుకునే చోటు ఇంకా పూర్తిగా మూసుకుపోని తొలి రోజుల్లో ఒకాయన ప్రయత్నించాడు. అదీ చెప్పాం. ఏప్రిల్ 12న శిబిరం బయట నలుగురు యూదు ఖైదీల మీద కాల్పులు జరిపారు. పారిపోబోతుంటే కాల్చామన్నారు. యోజెఫ్ హార్టింగర్ అనే ప్రభుత్వ ప్రాసిక్యూటర్, మోరిట్జ్ ఫ్లామ్ అనే వైద్యుడు ఆ మాట నమ్మలేదు. ఆ తర్వాతి వారాల్లో ఇంకా చావులు జరుగుతుంటే శవపరీక్షలు చేయించి, కాగితాలు పేర్చి, ఏకంగా కమాండెంట్ మీదనే కేసు తయారు చేశారు. పైవాళ్లు ఆ ఫైలు తొక్కిపెట్టారు. కమాండెంట్‌ను మార్చి, అతని స్థానంలో నేను పైన చెప్పిన ఐకెను వేశారు. యుద్ధం ముగిశాక ఆ కాగితాలు దొరికి, నాజీ నాయకుల మీద జరిగిన నురెంబర్గ్ విచారణలో సాక్ష్యంగా నిలిచాయి. హార్టింగర్ 1984 దాకా బతికాడు. ఈ పాఠంలో పిల్లలు ఎక్కువగా ప్రశ్నలు అడిగింది హిట్లర్ గురించి కాదు, ఈ ప్రాసిక్యూటర్ గురించే. నాకు సంతోషం వేసింది.

డాఖావ్‌లో 12 ఏళ్లలో 2 లక్షలకు పైగా మనుషుల్ని పెట్టారు. కనీసం 41,500 మంది చనిపోయారు. మొదట రాజకీయ ప్రత్యర్థులు, తర్వాత యూదులు, జిప్సీలు, యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్లు, స్వలింగ సంపర్కులు, మతాచార్యులు, ఆక్రమించిన దేశాల వాళ్లు. చొక్కా మీద రంగురంగుల త్రికోణాలు కుట్టేవారు, రాజకీయ ఖైదీకి ఎరుపు, ఒక్కో రకానికి ఒక్కో రంగు. ఆష్విట్జ్ లాంటి చోట్ల విషవాయువుతో లక్షల మందిని చంపింది దీని తర్వాత. ఆ తేడా కూడా చెప్పాం. 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం వచ్చేసరికి డాఖావ్‌లో ముప్పై వేల మందికి పైగా బతికి ఉన్నారు, ఎముకల గూళ్లలా.

'మన చరిత్రే చదవలేకపోతున్నాం, ఈ జర్మనీ గోల ఎందుకండీ' అని ఒక తండ్రి గేటు దగ్గర అడిగారు. సిలబస్‌లో ఉందండీ అన్నది చిన్న జవాబు. రెండోది నూర్ ఇనాయత్ ఖాన్. ఆమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడా సంగీతకారుడు. నిజాం మహబూబ్ అలీఖాన్ మెచ్చిన గాయకుడు. సూఫీ గురువును వెతుక్కున్నది మన హైదరాబాదులోనే. టిప్పు సుల్తాన్ వంశం. నూర్ వీణ వాయించేది, పిల్లల కోసం జాతక కథలు ఇంగ్లీషులో తిరిగి రాసింది. 1943లో బ్రిటన్ తరఫున రహస్య వైర్‌లెస్ ఆపరేటర్‌గా ఫ్రాన్స్‌లో దిగింది, పట్టుబడింది, జైల్లో నెలల తరబడి సంకెళ్లలో ఉంది. 1944 సెప్టెంబరు 13న మరో ముగ్గురు మహిళలతో కలిపి ఆమెను డాఖావ్‌లో కాల్చి చంపారు. వయసు 30. లైబ్రరీలో జాతక కథల పుస్తకం ఆ వారం మూడు సార్లు చేతులు మారింది.

ఇంట్లో మీకు రెండు ప్రశ్నలు ఎదురుకావచ్చు. మొదటిది స్వస్తిక్. ఒక పాప పాఠంలో ఫొటో చూసి, మా నానమ్మ గడపకు పసుపు రాసి వేసేది ఇదే కదా అని బెంగపడింది. నాజీ పార్టీ 1920లో దాన్ని తన గుర్తుగా తీసుకుని, జెండా మీద నలుపు రంగులో ఏటవాలుగా పెట్టుకుంది. అంతకు వేల ఏళ్ల ముందు నుంచీ అది మన గడపల మీద, జైన, బౌద్ధ గుడుల్లో ఉంది. నానమ్మను మానమనాల్సిన పని లేదు. యూరప్‌లో ఆ గుర్తు చూసి వణికేవాళ్లు ఎందుకు వణుకుతారో కూడా పాపకు తెలియాలి.

రెండోది, నేతాజీ హిట్లర్‌ను కలిశారు కదా అని. కలిశారు, 1942 మేలో. బ్రిటిష్ వాళ్లను తరిమేందుకు సాయం కోరారు, ఆశించిన సాయం దొరకలేదు. ఆయన వెంట జలాంతర్గామిలో జర్మనీ నుంచి బయల్దేరినవాడు హైదరాబాదీ ఆబిద్ హసన్. ఒక పెద్ద మనిషిని గౌరవిస్తూనే ఆయన తీసుకున్న నిర్ణయం గురించి ప్రశ్న వేయొచ్చని పిల్లలకు చెప్పాం. ఇంట్లో ఈ విషయంలో మీ అభిప్రాయం వేరేగా ఉంటే అదీ చెప్పండి, మాకు ఇబ్బంది లేదు.

ఇక పనుల సంగతి. ఈ శనివారం పదింటికి లైబ్రరీలో పిల్లల పని ప్రదర్శన ఉంది. ఆ వార్తకు పిల్లలు చేసిన తెలుగు అనువాదాలు, 51 రోజుల క్యాలెండర్, శిబిరం నమూనా పటం ఉంటాయి. శవాల ఫొటోలు ఏవీ లేవు, ఆరో తరగతి లోపు తమ్ముళ్లను, చెల్లెళ్లను మాత్రం ఈసారికి తీసుకురావద్దు. మీ పిల్లలకు ఈ పాఠం భారంగా ఉందనిపిస్తే క్లాస్ టీచరుకు ఒక్క మాట చెప్పండి. ఆ పీరియడ్లో లైబ్రరీలో వేరే పని ఇస్తాం, మార్కులు పోవు. ఈ విషయం మీద వాట్సాప్‌లో వచ్చే వీడియోలు దయచేసి పిల్లల ఫోన్లకు పంపకండి. పంపాలనిపిస్తే ముందు మీరు చివరిదాకా చూడండి. మేం పోయినేడాది చేయనిది అదే.

బొమ్మ గీసిన అబ్బాయి తనంతట తానే వచ్చి చెప్పాడు. పేరు రాయను. ప్రదర్శనకు శిబిరం పటం గీసింది వాడే, చెయ్యి బాగుంది. మీసం గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు