దేవదారుకు మా ఎండ పడదు

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రి గారికి,

రెండేళ్ల కిందట అనంతపురంలో మా కాలనీ పార్కులో ఆరు దేవదారు మొక్కలు నాటారు. మొన్న మే నెలలో చివరిది కూడా ఎండిపోయింది. రోజూ సాయంత్రం రెండు బిందెల నీళ్లు మోశాను, దక్కలేదు. ఆ బాధతోనే రాస్తున్నాను.

తప్పు మొక్కది కాదు. పశ్చిమ హిమాలయాల్లో 1,500 నుంచి 3,200 మీటర్ల ఎత్తున, చలికాలంలో మంచు కప్పే వాలుల్లో పుట్టిన చెట్టు అది. అక్కడ వందల ఏళ్లు బతుకుతుంది, 40 మీటర్లు దాటి పెరుగుతుంది. వేళ్ల దగ్గర నీరు నిలవకూడదు, మొదలు చల్లగా ఉండాలి, కొమ్మలు చాచుకోవడానికి చుట్టూ చోటు కావాలి. 40 డిగ్రీలు దాటే మా వేసవిలో, సిమెంటు గట్టు మధ్య చిన్న గుంతలో ఎలా బతుకుతుంది?

రాయలసీమ కొండల్లో రాళ్ల సందున పెరిగే ఒక చిన్న చెట్టును మా పెద్దలు దేవదారి అంటారు. హిమాలయాల దేవదారుతో దానికి పేరులోనే పోలిక, జాతి వేరు. కరువును ఓర్చుకునే ఆ చెట్టును మాత్రం ఇక్కడ ఏ పార్కులోనూ నేను చూడలేదు.

ఏడాదంతా పచ్చగా ఉండే మహావృక్షమే కావాలంటే కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. సుమారు ఐదెకరాల్లో పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన ఆ మాను ఈ వానలేమి సీమలోనే ఊడలు దించుకుంది.

అందుకే అడుగుతున్నాను. మా వీధుల్లో వేప, కానుగ, చోటున్న చోట మర్రి, రావి నాటించండి. వనమహోత్సవం జూలై మొదటి వారంలో వస్తుంది, మాకు వానలు నిండుగా పడేది సెప్టెంబరులో. నాటే తేదీని మా వానలను చూసి పెట్టించండి. సంచిలో వేళ్లు చుట్టలు చుట్టుకున్న మొక్కలను తీసుకోవద్దని చెప్పండి. పాదులో ఎండుటాకులు కప్పించి, మేకలు మేయకుండా ముళ్లకంప కట్టించండి. అన్నిటికన్నా ముఖ్యం, గుత్తేదారు బిల్లులో పెద్ద భాగాన్ని మూడో వేసవి దాటేదాకా ఆపి, బతికిన చెట్లను లెక్కపెట్టాకే చెల్లించండి. గుంతలు లెక్కపెట్టి డబ్బిస్తే మిగిలేవి గుంతలే.

మా పార్కులో ఆ ఆరు గుంతలూ ఖాళీగానే ఉన్నాయి. సెప్టెంబరుకు ఆరు కానుగ మొక్కలు ఇప్పించండి. మూడు వేసవులూ నీళ్లు పోసే పూచీ మా వీధివాళ్లది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం