జూలైలో చలి, అమ్మ శాలువా

బుజ్జీ,

మేం ఇల్లు చేరి పదిరోజులైంది. జెట్ లాగ్ పోయింది, ఇంట్లో దుమ్ము దులపడం కూడా అయిపోయింది. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం గానీ ఆ బేస్‌బాల్ మ్యాచ్ రాత్రి గురించి నీకు చెప్పాలనుకున్నది మాత్రం చెప్పలేకపోతున్నాను, వీడియోలో నీ మొహం ఎదురుగా కనిపిస్తుంటే మాట రావడం లేదు, అందుకే రాస్తున్నాను.

ఆ రోజు బయల్దేరేముందు స్వెటర్ వేసుకో నాన్నా అని మూడుసార్లు చెప్పావు. నేను వినలేదు. సన్నీవేల్‌లో 32 డిగ్రీల ఎండ, పైగా జూలై నెల, బెజవాడలో పుట్టి పెరిగినవాడికి ఆ నెలలో స్వెటర్ అన్న ఆలోచనే రాదు. పొట్టిచేతుల చొక్కాతో క్యాల్‌ట్రెయిన్ ఎక్కేశాను. శాన్ ఫ్రాన్సిస్కోలో దిగి జెయింట్స్ టీమ్ ఆడే ఒరాకిల్ పార్క్ స్టేడియం దాకా నడిచేసరికే చెవులు చల్లబడ్డాయి. పై అంతస్తులో కూర్చున్నాక ఇక చెప్పక్కర్లేదు, పొగమంచు లైట్ల కిందికి దిగిపోయింది, నీళ్ళ మీంచి వచ్చే గాలికి నా పళ్ళు టకటకలాడాయి. అప్పుడు నీ సంచిలోంచి అమ్మ శాలువా తీసి నాకు కప్పావు. కాశీకి వెళ్ళినప్పుడు కొన్న శాలువా అది, మోకాళ్ళ నొప్పితో తను మ్యాచ్‌కి రాలేకపోయినా నాకు తెలియకుండా నీ సంచిలో పెట్టిందట.

తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో నాలుగోదాంట్లోనే నేను "ఇక పోదాం పదమ్మా" అన్నాను. నువ్వు కాదనలేదు. "ఇంకొంచెంసేపు ఉందాం నాన్నా" అని మెల్లగా అని, చేతులు జాకెట్ చేతుల్లోకి ముడుచుకుని మళ్ళీ ఆట చూస్తూ కూర్చున్నావు.

ఆ మాట నాది, బుజ్జీ. నీకు గుర్తుందో లేదో, 2005 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో పాకిస్తాన్‌తో వన్డేకి నిన్ను తీసుకెళ్ళాను, నీకు ఎనిమిదేళ్ళు. ధోనీ 148 కొట్టిన మ్యాచ్. మాడు పగిలే ఎండ, నీ బుగ్గలు ఎర్రగా కందిపోయాయి, ఇంటికి పోదాం నాన్నా అని ఏడుపు మొహం పెడితే నా రుమాలు తడిపి నీ తలమీద వేసి, ఇంకొంచెంసేపు ఉందాం తల్లీ అన్నాను. నువ్వు ఉన్నావు. అది గుర్తొచ్చాక నాకు లేవబుద్ధి కాలేదు.

ఉన్నందుకు ఎంత చూశానో! కుడివైపు గోడ 24 అడుగుల ఎత్తు ఎందుకుందో, అది జెయింట్స్ పాత ఆటగాడు విల్లీ మేస్ జెర్సీ నంబరని చెప్పావు. ఒక ఆటగాడి నంబరును గోడ ఎత్తుగా కట్టుకున్న ఆ ఊరంటే నాకు గౌరవం కలిగింది. ఆ గోడ దాటి బంతి నీళ్ళలో పడితే పట్టుకుందామని చలిలో పడవలేసుకుని ఎదురుచూసే వాళ్ళనీ చూపించావు. పక్క సీటు పెద్దాయన టోపీకి ఉన్న పిన్ను చూపించాడు కదా, మంచు పేరుకున్న ఎస్‌ఎఫ్ అక్షరాలతో. జెయింట్స్ 1999 దాకా ఆడిన క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో చలి ఇంకా ఘోరమట, రాత్రి మ్యాచ్‌లో స్కోర్లు సమానమై ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌కి వెళ్తే చివరిదాకా కూర్చున్నవాళ్ళకి ఆ పిన్ను ఇచ్చేవారట. వచ్చాను, చూశాను, బతికి బయటపడ్డాను అని లాటిన్‌లో రాసి ఉందని ఎంత సంబరంగా చెప్పాడో.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ముందు వరుసలో కూర్చున్న ఆవిడ నిన్ను పేరుపెట్టి పిలిచి తన దుప్పటి సగం నీ ఒళ్ళో వేసింది. ఏడో ఇన్నింగ్స్‌లో అందరూ లేచి పాట పాడుతుంటే నువ్వూ గొంతెత్తి పాడావు, ఆ పాటలో ఒక్క ముక్క నాకు రాదు. నువ్వు వెళ్ళిన ఐదేళ్ళ నుంచీ, అక్కడ ఒక్కదానివే ఎలా ఉంటున్నావో అని నాకు టెన్షన్‌గానే ఉండేది, రాత్రి రెండుకి మెలకువొస్తే అదే ఆలోచన. ఆ చలిలో, ఆ జనం మధ్య నిన్ను చూశాక ఆ బెంగ చాలావరకు పోయింది. వచ్చాక నిద్ర బాగా పడుతోంది.

తిరుగు రైల్లో ఆ చలికి కారణం కూడా చెప్పావు, లోపలి లోయ మన పల్నాడులా కాగిపోతే అక్కడి వేడిగాలి పైకి లేస్తుందనీ, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకొస్తుందనీ. మీ బాబాయికి అలాగే చెప్పాను, నమ్మలేదు.

మీ సాయంత్రం ఆరూ ముప్పావు మ్యాచ్ మాకు పొద్దున ఏడుంబావుకి మొదలవుతుంది. కాఫీ తాగుతూ ఫోన్లో స్కోరు చూస్తున్నాను, అర్థంకానివి రాసిపెట్టుకుంటున్నాను, ఆదివారం అడుగుతాను. శాలువా నీ దగ్గరే ఉంచుకో. అమ్మ కూడా అదే అంది.

నాన్న