కోపంతో పెట్టే కామెంటుకు ముందు ఒక్క నిమిషం

సంపాదకులు గారికి,

విద్యార్థులు ఆన్‌లైన్‌లో బూతులు తిట్టుకుంటున్నారని ఫిర్యాదు రాగానే చాలా కాలేజీలు చేస్తున్న పని ఒకటే. ఒక వక్తను పిలిపించి, సెమినార్ హాలు నిండా పిల్లల్ని కూర్చోబెట్టి, గంటసేపు ధ్యానం చేయిస్తాయి. ఫొటోలు దిగుతారు, సర్టిఫికెట్లు పంచుతారు. ఆ రాత్రే ఓ పెద్ద హీరో టీజర్ వస్తే అదే పిల్లలు కామెంట్లలో అవతలి హీరో కులాన్నీ పుట్టుకనూ ఇంట్లో ఆడవాళ్లనూ బయటికి లాగుతారు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పితే ఇంతే అవుతుంది. ధ్యానం పనికిరాదని మేం అనడం లేదు. ఎంతకాలం నేర్పాలి, ఏ క్షణంలో వాడమని నేర్పాలి అన్నది వదిలేస్తే ఆ గంట వృథా అంటున్నాం.

ఆన్‌లైన్ దూషణ అంతా ఒక రకం కాదు. ఎవరో గిల్లితే ఉడుక్కుని, ఆ వేడిలో తిట్టేది ఒకటి. తీరిగ్గా కూర్చుని, లక్ష్యం పెట్టుకుని, పదిమందిని కూడగట్టి చేసేది మరొకటి. ఫలానా రోజు ఫలానా హ్యాష్‌ట్యాగ్ అని ముందే అనుకుని దిగే అభిమాన గుంపులు, మార్ఫింగ్ ఫొటోలు పెట్టేవాళ్లు, ముసుగు ఖాతాల్లో సహాధ్యాయిని వెంటాడేవాళ్లు ఈ రెండో రకం. శ్వాస గమనించే సాధన మొదటి రకానికి పనికొస్తుంది. రెండో రకానికి కావలసింది నియమాలు, శిక్ష. కాలేజీలు ఈ రెంటినీ కలిపేసి, వేధింపునకు గురైన అమ్మాయికే ‘మనసు ప్రశాంతంగా ఉంచుకోమ్మా’ అని చెప్పి పంపేస్తే అది అన్యాయం.

మొదటి రకం ఫోనులో ఎందుకంత సులువుగా పుడుతుంది? జాన్ సులర్ అనే మానసిక శాస్త్రవేత్త 2004లో దీనికి ఆరు కారణాలు చెప్పారు. మన పిల్లల విషయంలో వాటిలో మూడు బాగా కనిపిస్తాయి. పేరు తెలియదు. అవతలివాడి ముఖం కనపడదు. తిట్టిన వెంటనే జవాబును ఎదుర్కోనక్కర్లేదు, ఫోను పక్కన పడేసి పోవచ్చు. ఎదురెదురుగా ఉంటే అవతలివాడి కళ్లు చూసి నాలుక వెనక్కి తగ్గుతుంది. ఫోనులో ఆ అడ్డు లేదు కాబట్టి దాన్ని లోపలి నుంచే పెట్టుకోవాలి.

అది ఒక్క గంటలో రాదు. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని ఎరుకతో గమనించడం) శిక్షణ ఎనిమిది వారాలు సాగుతుంది. వారానికో తరగతి, ఇంటి దగ్గర రోజుకు ముప్పావు గంట సాధన. దాని మూలాలు మన బౌద్ధ ధ్యాన పద్ధతి విపశ్యనలోనూ ఉన్నాయి. విపశ్యన శిబిరాల్లో పది రోజులు ఫోను తీసి దాచేస్తారు, మాటలు ఉండవు. సెమిస్టర్ మధ్యలో బీటెక్, డిగ్రీ పిల్లలకు అంత వీలు కుదరదు. వాళ్లకు సాధ్యమని మేం అనుకుంటున్నది ఇది: ఇరవై మందికి మించని బృందం, ఎనిమిది వారాల పాటు వారానికి నలభై నిమిషాలు, హాస్టల్లోనో ఇంట్లోనో రోజుకు పది నిమిషాలు.

ఆ పది నిమిషాల్లో ఫోను వేరే గదిలో ఉండాలి. సైలెంట్‌లో పెట్టి జేబులో ఉంచుకుంటే చాలదు, ధ్యాస దాని మీదే ఉంటుంది. పద్మాసనం అక్కర్లేదు. కుర్చీలో వీపు నిటారుగా, పాదాలు నేలకు ఆని ఉంటే సరిపోతుంది. మొదటి రెండు నిమిషాలు పాదాలకు నేల తగలడాన్ని గమనించాలి. తర్వాత ఐదు నిమిషాలు శ్వాస. మనసు పక్కకు పోయిందని తెలిసినప్పుడల్లా విసుక్కోకుండా వెనక్కి తెచ్చుకోవాలి. అలా తెచ్చుకోవడమే సాధన, మనసు పోకుండా ఉండటం కాదు. ఈ ముక్క చెప్పకపోవడం వల్లే సగం మంది ‘నాకు ధ్యానం రాదు’ అని రెండో వారంలో మానేస్తారు.

చివరి మూడు నిమిషాలు అన్నిటికన్నా ముఖ్యం. మూడో వారం నుంచి, ఆ మధ్య చిరాకు పుట్టించిన ఒక కామెంటును కావాలని గుర్తుకు తెచ్చుకోవాలి. మరీ గాయపరిచింది వద్దు. పదికి మూడు మార్కుల పాటి కోపం తెప్పించినది చాలు. అది గుర్తురాగానే ఒంట్లో ఏం జరుగుతోందో చూడాలి. దవడ బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి, బొటనవేలు కదులుతుంది. ఆ స్థితికి లోపలే ఒక పేరు పెట్టాలి: ‘కోపం’, ‘అవమానం’, ‘అసూయ’. ఉద్వేగానికి పేరు పెట్టినప్పుడు మెదడులో భయం, కోపం లాంటి ఉద్వేగాలతో ముడిపడిన అమిగ్డలా అనే భాగం చురుకుదనం తగ్గుతుందని మానసిక శాస్త్రవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో చూపింది. పిల్లలు చాలాసార్లు కోపం అనుకునేది నిజానికి అవమానం. అది తేలిపోతే జవాబు ఇవ్వాలన్న తొందర సగం తగ్గుతుంది.

ఇక అసలు సమయంలో, అంటే కామెంటు చదివి ఒళ్లు మండినప్పుడు, చేయాల్సింది చాలా చిన్నది. ఫోను బోర్లా పెట్టాలి. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, ఆరుసార్లు గాలి పీల్చి వదలాలి. సుమారు ఒక నిమిషం పడుతుంది. ఊపిరి బిగబట్టకూడదు. అప్పటికీ జవాబు రాయాలనిపిస్తే రిప్లై పెట్టెలో కాకుండా నోట్స్‌లో రాయాలి, పొరపాటున వేలు తగిలి వెళ్లిపోదు. ఇరవై నిమిషాల తర్వాత దాన్ని పైకి చదవాలి. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన తెలుగు బూతు కంటికి తేలిగ్గానే కనిపిస్తుంది. అదే మాట గొంతులోంచి వచ్చినప్పుడు దాని బరువు తెలుస్తుంది. రాత్రి పదకొండు దాటాక జవాబులే వద్దు, నిద్ర చాలనివాడికి పగ్గాలు చేతిలో ఉండవు.

పాత ట్విట్టర్ 2021లో ఇలాంటి చిన్న విరామాన్నే యంత్రంతో చేయించింది. దురుసు జవాబు పంపబోయేవాళ్లకు ‘మరోసారి చూసుకోండి’ అని హెచ్చరిక చూపితే, 34 శాతం మంది మాట మార్చుకున్నారు లేదా పంపడమే మానుకున్నారని ఆ సంస్థే ప్రకటించింది. కానీ ఆ హెచ్చరికను తెచ్చింది ఇంగ్లీషు వాడేవాళ్ల కోసం. తెలుగులో తిట్టుకునే మన పిల్లలు ఆ ఆగడం తామే నేర్చుకోవాలి.

‘కోపం కక్కేస్తే తగ్గుతుంది’ అన్న నమ్మకం ఇక్కడ పెద్ద అడ్డంకి. మానసిక శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, తమను అవమానించినవాణ్ని తలచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవాళ్లకు కోపం ఇంకా పెరిగింది. ఊరికే కూర్చున్నవాళ్లే నయం. 2024లో ఆయన సోఫీ కియర్విక్‌తో కలిసి 154 అధ్యయనాలను పరిశీలించినప్పుడూ, ఒంట్లో ఉద్రేకాన్ని దించే శ్వాస, ధ్యానం లాంటివే కోపాన్ని తగ్గిస్తున్నాయని తేలింది. పరుగు ఆరోగ్యానికి మంచిదే, కోపానికి మందు కాదు. స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టి ‘చూడండ్రా వీణ్ని’ అనడం ఈ కాలపు పంచింగ్ బ్యాగు. పైగా ఒకడి కోపం పదిమంది కోపమై అవతలివాడి మీద పడుతుంది.

బలవంతపు ధ్యానం గురించి కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 85 పాఠశాలల్లో, ఎనిమిది వేలకు పైగా పిల్లలతో జరిపిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. తరగతి ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చి అందరికీ మైండ్‌ఫుల్‌నెస్ నేర్పించారు. మామూలు పాఠాలతో పోలిస్తే అదనపు మేలు కనపడలేదు. పిల్లల్లో ఎక్కువమంది ఇంటి దగ్గర సాధనే చేయలేదు. కాబట్టి హాజరు మార్కులు పెట్టొద్దు, ఇష్టపడి వచ్చేవాళ్లతో మొదలుపెట్టండి. వేధింపులు, దాడులు అనుభవించినవాళ్లకు కళ్లు మూసుకుని శ్వాస చూడమంటే ఒక్కోసారి భయం ముంచుకొస్తుంది. వాళ్లను కళ్లు తెరిచే ఉంచి, చుట్టూ ఉన్న శబ్దాలనో పాదాలనో గమనించమనాలి. అప్పటికీ తగ్గకపోతే ఆపేసి కౌన్సెలర్ దగ్గరికి పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

రెండో రకం దూషణలో బాధితులు చేయాల్సింది వేరు. తొందరపడి బ్లాక్ చేసేముందు పోస్టు లింకు, ప్రొఫైల్ లింకు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు దాచుకోవాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో స్త్రీని వెంటాడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. సీనియర్లు వాట్సాప్ గ్రూపు పెట్టి జూనియర్లను వేధిస్తే 1800-180-5522 ర్యాగింగ్ హెల్ప్‌లైన్‌కు చెప్పవచ్చు.

శిక్షణ ఫలించిందో లేదో తేల్చడానికి ‘మీకు నచ్చిందా’ అనే ఫారం వద్దు, అందరూ నచ్చిందనే రాస్తారు. ప్రతి శుక్రవారం పేరు లేని చీటీ మీద రెండు అంకెలు అడగండి: ఈ వారం కోపంతో పంపిన జవాబులెన్ని, రాసి పంపకుండా తుడిచేసినవెన్ని. రెండో అంకె ఎనిమిదో వారానికీ పెరగకపోతే పిల్లల్ని తప్పుపట్టకుండా నేర్పిన పద్ధతిని మార్చండి.

— కళాశాలల్లో కౌన్సెలింగ్ చేసే మానసిక శాస్త్ర అధ్యాపకులు, గుంటూరు