ఈ నెల నుంచి కొన్ని కార్లను మేము అమ్మడం లేదు

మా దగ్గర పాత కార్లు కొన్నవారికి, కొనాలని చెప్పి ఉంచినవారికి ఒక మార్పు గురించి నేరుగా తెలియజేయాలని ఇది రాస్తున్నాను. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచుల మీద కారు నిలిచే ఏర్పాటు) ఉన్న లగ్జరీ సెడాన్లను గానీ, గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కాగితం మీద ఆధారం లేని కార్లను గానీ, ఇంటి అవసరానికి కొనేవారికి ఈ నెల నుంచి మేము అమ్మము. ఈ నిర్ణయంతో మా దగ్గర అమ్మకానికి ఉన్న కార్లు దాదాపు సగానికి తగ్గాయి. రాబోయే కొన్ని నెలల్లో మీలో చాలామందికి ప్రస్తుతానికి కారు లేదనే సమాధానమే మా నుంచి రావచ్చు.

దీని వెనుక మేము చేసిన ఒక పొరపాటు ఉంది. కిందటి సంవత్సరం ఒక కుటుంబానికి తొమ్మిదేళ్ల నాటి పెద్ద సెడాన్‌ను అమ్మాము. వాళ్లింట్లో నడుము నొప్పితో బాధపడే పెద్దావిడ ఉన్నారు. కుదుపులు తెలియకుండా సాగే కారు కావాలని వాళ్లు అడిగారు, మేము కూడా అదే సరైనదని చెప్పాము. ఇంజిన్ చూశాము, బ్రేకులు చూశాము, కారు కంప్యూటర్‌లో నమోదైన తప్పులను చదివే స్కానర్ పెట్టాము. చూడనిది ఒక్కటే: ఆ కారును ఒక రాత్రంతా కదపకుండా నిలిపి, తెల్లవారాక నాలుగు మూలల ఎత్తు కొలవలేదు. మూడు నెలలు గడిచేసరికి కారు ముందు భాగం ఒక పక్కకు వాలిపోయింది. గాలి నింపే రబ్బరు సంచి వయసు మీరి సన్నగా పగిలింది, ఆ లీకును పూడ్చడానికి గాలి కొట్టే కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి అదీ కాలిపోయింది. మరమ్మతుకు అయిన ఖర్చు ఆ కుటుంబం కట్టే ఏడు నెలల వాయిదాలతో సమానం. అప్పట్లో సగం మేము భరించి, న్యాయంగానే ప్రవర్తించామని అనుకున్నాను. అది న్యాయం కాదని తరువాత అర్థమైంది, ఎందుకంటే పగులు కనిపెట్టడం మా పని, వాళ్ల పని కాదు. మిగిలిన సగాన్ని కూడా ఈ వారం వాళ్లకు తిరిగి ఇచ్చాము.

ఏనుగును కొనడం వేరు, దాన్ని మేపడం వేరు. ఎనిమిది, పదేళ్లు నడిచిన లగ్జరీ సెడాన్ ధర కొత్త చిన్న కారు ధరకు దిగివస్తుంది కానీ, దాని హెడ్‌లైటు, బ్రేక్ డిస్కు, సస్పెన్షన్ ఆర్ముల ధరలు ఆ కారు కొత్తగా ఉన్నప్పుడు ఏ స్థాయిలో ఉన్నాయో ఆ స్థాయిలోనే ఉంటాయి. అమ్మేవాళ్లు మొదటి సంగతి గట్టిగా చెప్పి రెండోదాన్ని దాటవేస్తారు, మేమూ కొన్నేళ్లు అలాగే చేశాము. అందుకే ఇకపై మీరు ఎంత పెట్టగలరని కాకుండా, కారు కొన్న మరునాడు మీ చేతిలో ఎంత మిగులుతుందని అడుగుతాము. మీరు అనుకున్న మొత్తంలో ఐదో వంతును మొదటి సంవత్సరపు మరమ్మతుల కోసం పక్కన పెట్టి, మిగిలిన దానిలో కారు వెతుక్కోవాలన్నది నా గట్టి అభిప్రాయం. అలా పెట్టలేని పరిస్థితి ఉంటే ఒక మెట్టు కిందికి దిగి, తక్కువ వయసున్న మామూలు సెడాన్ తీసుకోవడమే ఆ ఇంటికి క్షేమం.

ఏ కారు కొనాలని మీరు అడిగినప్పుడు నేను తరచుగా లెక్సస్ ఇ.ఎస్. పేరు చెప్పడానికి కారణం ఉంది. అది టయోటా క్యామ్రీతో చాలా భాగాలను పంచుకుంటుంది, ఇ.ఎస్. 350లో ఏళ్ల తరబడి వాడిన 3.5 లీటర్ల వి6 ఇంజిన్ క్యామ్రీలోనూ ఉండేది. అందువల్ల దాని మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌లు దొరుకుతారు, విడిభాగాల కోసం నెలల కొద్దీ ఎదురుచూడనక్కరలేదు. 2012లో వచ్చిన ఇ.ఎస్. 300హెచ్ హైబ్రిడ్ తీసుకునేవారు మాత్రం బ్యాటరీని చల్లబరిచే గాలి దారిలో దుమ్ము పేరుకుందేమో తప్పకుండా చూపించుకోవాలి, ఎందుకంటే వేడెక్కిన బ్యాటరీకి ఆయుష్షు తగ్గుతుంది. నడిపేటప్పుడు ఈ కారు అంత ఉత్సాహంగా అనిపించదని కొందరు నిరాశపడతారు, అది నిజమే. పిల్లలను బడికి, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లే కారుకు ఆ లోటు పెద్దది కాదని నేను భావిస్తాను.

జర్మన్ కార్లు వద్దని నేను అనడం లేదు. అక్కడ మాత్రం కారు ముందున్న గుర్తును కాకుండా లోపలున్న ఇంజిన్‌ను చూసి కొనాలి. ఉదాహరణకు 2007లో మొదలైన బి.ఎమ్.డబ్ల్యూ. ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే టైమింగ్ చైన్ గేర్‌బాక్స్ వైపు, అంటే వెనుక ఉంటుంది. తొలి సంవత్సరాల కార్లలో అది ముందుగానే అరిగిపోవడం, మార్చాలంటే పెద్ద విప్పుడు పని పడడం అందరికీ తెలిసినవే. అదే సంస్థ 2015లో తెచ్చిన బి58 పెట్రోల్ ఇంజిన్‌కు మెకానిక్‌లలో మంచి పేరుంది. దానికి జతపడే ఎనిమిది గేర్ల జెడ్.ఎఫ్. గేర్‌బాక్స్ కూడా గట్టిదే, కాకపోతే ఆయిల్ మార్చాలి. ఆ ఆయిల్ కారు ఉన్నంతకాలం సరిపోతుందని చాలామంది అమ్మకందారులు చెబుతారు. గేర్‌బాక్స్‌ను తయారుచేసిన జెడ్.ఎఫ్. సంస్థ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు, మార్చమనే సూచిస్తోంది. కాగితం లేని కారును తీసుకోబోమని మేము పట్టుబట్టడం ఇందుకే.

మా తనిఖీ పద్ధతి కూడా మారింది. అమ్మడానికి తెచ్చిన కారు ఒక రాత్రి మా దగ్గరే ఉంటుంది, ఉదయం చల్లటి ఇంజిన్‌ను మేమే స్టార్ట్ చేస్తాము, ఎందుకంటే వేడి ఇంజిన్ చాలా జబ్బులను దాస్తుంది. స్కానర్‌లో తప్పులేమీ కనిపించకపోవడంతో మేము ఊరుకోము. కారు తనను తాను పరీక్షించుకునే ప్రక్రియలు పూర్తి కాలేదని స్కానర్ చూపిస్తే, ఎవరో ఇటీవలే తప్పులను చెరిపి తెచ్చి ఉండవచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే నీట మునిగిన కారులో తరచుగా బురద మరక బయటపడుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి; 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగు చక్రాలకు నాలుగు రకాల చవక టైర్లు వేసిన యజమాని ఇంజిన్ ఆయిల్ విషయంలో ఉదారంగా ఉన్నాడని నేను నమ్మలేను. అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే ఛాసిస్ నంబరుతో రీకాల్ (లోపమున్న భాగాన్ని సరిచేయడానికి తయారీ సంస్థ కార్లను వెనక్కి పిలవడం) మిగిలి ఉందేమో చూడడం మాత్రం ఎవ్వరూ మానకూడదు. తకాటా అనే సంస్థ చేసిన, లోపమున్న ఎయిర్‌బ్యాగుల రీకాల్ కోట్ల కార్లకు వర్తించింది, వాటిలో లగ్జరీ కార్లూ ఉన్నాయి, ఆ భాగాన్ని తయారీ సంస్థే ఉచితంగా మారుస్తుంది.

ఈ పనులన్నిటి వల్ల మా కార్ల ధర కొద్దిగా పెరుగుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ మార్చాకే కారును ఇస్తాము కాబట్టి ఆ ఖర్చును బిల్లులో విడిగా చూపిస్తాము. మీకు నమ్మకమైన మెకానిక్ ఉంటే వెంట తీసుకురండి. అర పూట కారును ఆయన చేతిలో పెట్టడానికి మాకు ఏ అభ్యంతరమూ లేదు.

గత రెండేళ్లలో మా దగ్గర ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారు కొన్నవారందరికీ ఆ భాగాన్ని ఉచితంగా పరీక్షిస్తాము. సాయంత్రం కారును వదిలి, మరునాడు ఉదయం మీ ఎదుటే ఎత్తు కొలిచాక తీసుకెళ్లండి. రావడానికి ముందే కారు ఒక పక్కకు ఒరిగినట్లు కనిపిస్తే దాన్ని నడపకుండా మాకు ఫోన్ చేయండి, మేమే వచ్చి తీసుకెళతాము.