మంత్రి గారూ, మ్యాపు మేం గీస్తాం, మీరు ఒక్క కాగితం ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం అండీ. విజయవాడ పాయకాపురం నుంచి రాస్తున్నాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు నీళ్ళు మా ఇళ్ళలోకి వచ్చేశాయి. మర్నాడు మా పిన్నికి ఇన్సులిన్ కావాలని ఫోన్ చేసి "రామాలయం వీధి" అని చెప్పాం. మా చుట్టుపక్కల రామాలయం వీధులు మూడున్నాయి. పడవ ఇంకో రామాలయం దగ్గరికెళ్ళి, పిలిచి పిలిచి వెనక్కి పోయింది. పడవవాళ్ళని ఏమనగలం? బోర్డులు మునిగాయి, వాళ్ళ ఫోన్లో చూస్తే మెయిన్ రోడ్డు తప్ప మా సందుల పేర్లే లేవు.

అందుకే ఆదివారాలు పొద్దున్నే మేం అయిదారుగురం ఫోన్లు పట్టుకుని తిరుగుతున్నాం. మా సందుల పేర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఇంటర్నెట్ మ్యాపులో ఎక్కించడానికి. అది 2004లో ఇంగ్లండ్‌లో మొదలైంది, వికీపీడియాలాగే ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడి వాళ్ళో ఉపగ్రహ చిత్రాలు చూసి అక్కడి రోడ్లన్నీ గీస్తే సహాయక బృందాలు ఆ మ్యాపే వాడాయి. కాకపోతే ఆకాశం నుంచి చూస్తే రోడ్డు కనిపిస్తుంది గానీ దాని పేరు కనపడదు కదా, ఆ పేరు చెప్పాల్సింది అక్కడుండే మనమే.

స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ వీధిలో నిలబెట్టి ప్రశ్నలు వేస్తుంది, మన జవాబులు ఆ మ్యాపులోకి చేరతాయి. ఈ రోడ్డు సిమెంటా, మట్టా? లైట్లున్నాయా? ఈ ఇంటికి ఎన్ని అంతస్తులు? మొదట్లో ఈ చివరి ప్రశ్నకి విసుక్కునేదాన్ని, తర్వాత వెలిగింది: మొన్న వరదలో మేడ ఉన్నవాళ్ళు పైకెక్కారు, రేకుల ఇళ్ళవాళ్ళు పక్కింటి డాబా వెతుక్కున్నారు. పడవ ముందు ఎటు పోవాలో ఆ అంకె చెబుతుంది. ఒక మామ్మ గారైతే మమ్మల్ని చూసి "రోడ్డు వెడల్పు చేస్తారా అమ్మా, మా అరుగు కొట్టేస్తారా" అని టెన్షన్ పడిపోయారు. కాదని చెబితే నమ్మలేదు గానీ, ఆ సందుని పాతరోజుల్లో ఏమనేవారో ఆవిడే చెప్పారు, మంచినీళ్ళు కూడా ఇచ్చారు.

ఇక అసలు సంగతి. వార్డు హద్దులు, వీధుల అధికారిక పేర్లు, మురుగు కాలవలు ఎటు పోతాయో, ఇవి మేం నడిచి తేల్చలేం. ఒక ఆఫీసుకి వెళ్ళి అడిగితే జిరాక్సు తీసిన మ్యాపు చేతిలో పెట్టారు, హద్దు గీత సరిగ్గా వీధి పేర్ల మీంచే పోయింది. "వాడుకోండమ్మా, ఎవరడుగుతారు" అన్నారు, మంచి మనసుతోనే అన్నారు. కానీ మాకు ఆ మాట చాలదండీ. రాతపూర్వక అనుమతి లేకుండా వేరేవాళ్ళ డేటా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించకూడదు, ఎక్కించినా తీసేస్తారు. గూగుల్ మ్యాప్స్ చూసి కాపీ కొట్టడం కూడా కుదరదు.

మ్యాపులు చేయడానికి భారతీయులు ముందస్తు అనుమతులు తీసుకోనక్కర్లేదని కేంద్రం 2021 ఫిబ్రవరిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి మేం అడిగేది డబ్బు కాదు, గుర్తింపు కార్డులు అంతకన్నా కాదు. మీ శాఖ దగ్గరున్న ఈ మ్యాపు డేటాని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వాడుకోవచ్చు అని ఒక పేజీ ఉత్తర్వు, దాంతోపాటు స్కాన్ చేసిన పీడీఎఫ్ కాకుండా కంప్యూటర్‌లో తెరుచుకునే అసలు ఫైళ్ళు. అంతే. తప్పులుంటే నడిచి చూసి మేమే చెబుతాం.

వచ్చే ఆదివారం ఏడింటికి మొదటి రామాలయం దగ్గర ఉంటాం. మీ సిబ్బందిలో కాలవల సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరొచ్చినా చాలు. టీ మాది.

ఇట్లు,
పాయకాపురం వాసి