పెరిగేటప్పుడు హార్ముజ్ పేరు, తగ్గేటప్పుడు ఎవరి పేరూ లేదు

సంపాదకులు గారికి,

గల్ఫ్‌లో టెన్షన్ మొదలైన ప్రతిసారీ పత్రికల్లో ఒకే ప్రశ్న కనిపిస్తుంది. హార్ముజ్ జలసంధి మూతపడుతుందా, లేదా? అది చిన్న ప్రశ్న అనను. 2024లో రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల చమురు ఆ దారినే వెళ్లింది, అంటే ప్రపంచం మొత్తం వాడేదాంట్లో ఐదో వంతు. ఖతార్ నుంచి ఓడల్లో బయటికి వచ్చే గ్యాసుకూ అదే దారి. ఒకపక్క ఇరాన్, ఇంకోపక్క ఒమన్‌కు చెందిన ముసందం కొండలు, మధ్యలో ఓడలు పోవడానికి, రావడానికి రెండేసి మైళ్ల వెడల్పున్న రెండు దారులు. జలసంధిని తప్పించి చమురు పంపడానికి సౌదీకి ఎర్ర సముద్రం మీది యాన్బు రేవు దాకా, ఎమిరేట్స్‌కు ఫుజైరా రేవు దాకా పైపులైన్లు ఉన్నాయిగానీ అవి రెండూ కలిసినా ఇంత చమురును మోయలేవు. భయపడటంలో తప్పులేదు. కానీ జలసంధి మూతపడకుండానే ధర పెరుగుతుంది, మళ్లీ అంతా సద్దుమణిగాక కూడా పెరిగిన ధర చాలాచోట్ల అలాగే కూర్చుంటుంది. దాని గురించి రాసేవాళ్లు తక్కువ, అందుకే ఈ ఉత్తరం.

నేను రవాణా లెక్కలు చూసే మనిషిని. ఎవరైనా ధర పెంచి కారణం చెబితే, ఆ కారణం విలువ ఎంత అని కాగితం మీద వేసి చూడటం నాకు అలవాటు. హార్ముజ్ విషయంలో అందరూ ముందుగా చెప్పేది ఓడల యుద్ధ బీమా. నిజమే, గొడవ మొదలవగానే బీమా సంస్థలు రేటు పెంచేస్తాయి. ఓడ విలువ 10 కోట్ల డాలర్లనుకుందాం, ఒక్క ప్రయాణానికి అర శాతం ప్రీమియం అడిగారనుకుందాం. 5 లక్షల డాలర్లు అవుతుంది. వినడానికి పెద్ద మొత్తమే. కానీ పెద్ద ట్యాంకరులో 20 లక్షల బ్యారెళ్లు పడతాయి, అంటే బ్యారెల్‌కు పావు డాలరు. బ్యారెల్‌కు 159 లీటర్లు, కాబట్టి లీటరు మీద పడే భారం సెంటులో ఆరో వంతు కూడా ఉండదు. ఓడ అద్దె కూడా పెరుగుతుంది కదా అంటారు, అదీ కలుపుదాం, మూడింతలు వేసుకుందాం, అయినా లీటరుకు అర సెంటు దగ్గరే ఉంటాం.

మరి మిగతాదంతా ఏమిటి? భయం. రేపు సరుకు దొరుకుతుందో లేదో అన్న అనుమానంతో ఈ రోజే కొనిపెట్టుకునేవాళ్లు పెంచే ధర అది. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి మొదలుపెట్టింది. అంతకుముందు బ్యారెల్‌కు 70 డాలర్లకు కాస్త దిగువన ఉన్న బ్రెంట్, అంటే ప్రపంచ మార్కెట్లో కొలమానంగా చూసే ముడి చమురు ధర, వారం తిరక్కుండా 79కి చేరువైంది. లీటరుకు ఆరు సెంట్ల దాకా పెరిగినట్టే. ఆ వారమంతా ట్యాంకర్లు ఆ దారిలో నడుస్తూనే ఉన్నాయి. నావికులు పడిన ఇబ్బంది మాత్రం మామూలుది కాదు. జీపీఎస్ సిగ్నళ్లను చెడగొట్టడంతో కొన్ని ఓడలు మ్యాపులో నేల మీద ఉన్నట్టు కనిపించాయి, 17వ తేదీన ఒమన్ సింధుశాఖలో రెండు ట్యాంకర్లు ఢీకొని మంటలు లేచాయి. 22న ఇరాన్ పార్లమెంటు జలసంధి మూసేయాలని తీర్మానించింది. మర్నాడు ఇరాన్ క్షిపణులు వెళ్లి పడింది ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద, చమురు జోలికి పోలేదు. అది తెలిసిన రోజే ధర 7 శాతం పడిపోయింది. కాల్పుల విరమణ వచ్చిన 24న బ్రెంట్ యుద్ధానికి ముందున్న చోటు కంటే కిందికి వచ్చేసింది.

ఇది కొత్తేమీ కాదు. ఇరాన్, ఇరాక్ యుద్ధంలో 1984 నుంచి 88 దాకా ఆ సముద్రంలో వందల ఓడల మీద దాడులు జరిగాయి, 1987లో అమెరికా జెండా కట్టుకుని నౌకాదళం కాపలాతో వెళ్తున్న బ్రిడ్జిటన్ ట్యాంకరే మందుపాతర తగిలి దెబ్బతింది, అయినా ఆ యుద్ధం నడుస్తుండగానే 1986లో ప్రపంచ చమురు ధర కుప్పకూలింది. ఎందుకంటే సౌదీ ఉత్పత్తి పెంచింది, సరుకు ఎక్కువైంది. 1991 జనవరి 17న ఇరాక్ మీద బాంబులు పడటం మొదలైన రోజునే చమురు ధర మూడో వంతు తగ్గింది, అదే రోజు అంతర్జాతీయ ఇంధన సంస్థ దేశాలు నిల్వలు విడుదల చేస్తామన్నాయి కూడా. నిల్వలు ఉన్నాయి, వదులుతారు అన్న నమ్మకం కుదిరితే భయం దిగుతుంది, దాంతో ధరా దిగుతుంది. నిజంగానే సరుకు ఆగిపోతే అప్పుడు లెక్క వేరు, నేను కాదనను. అలాంటి రోజు కోసమే సభ్య దేశాలు 90 రోజుల దిగుమతికి సరిపడా నిల్వ ఉంచాలన్న నియమం పెట్టుకున్నాయి.

నా బాధ అంతా ధర దిగే చోట. నేను చూసే ఒక రవాణా ఒప్పందంలో ఇంధన అదనపు ఛార్జీ అని ఒక పేరా ఉంది. డీజిల్ ఫలానా శాతం పెరిగితే ఛార్జీ ఇంత పెంచవచ్చు అని వివరంగా రాశారు, తగ్గితే ఎంత తగ్గించాలో ఒక్క వాక్యం లేదు. రెండుసార్లు అడిగాను. "మార్కెట్ స్థిరపడ్డాక చూద్దాం" అన్నారు. మార్కెట్ స్థిరపడింది, ఛార్జీ బిల్లులో అలాగే ఉంది, అది చివరికి ఆ లారీలో వెళ్లే ప్రతి వస్తువు ధరలోకీ ఎక్కింది, కొనేవాడికి అక్కడ హార్ముజ్ ఉందని కూడా తెలియదు.

ఇది నా ఒక్కడి గొడవైతే పత్రికకు రాసేవాణ్ణి కాదు. రాబర్ట్ బేకన్ అనే ఆర్థికవేత్త 1991లోనే బ్రిటన్ పెట్రోలు ధరలను పరిశీలించి, పెరిగేటప్పుడు రాకెట్‌లా, తగ్గేటప్పుడు ఈకలా ఉంటాయని చూపించారు. అదే బ్రిటన్‌లో పోటీ వ్యవహారాల సంస్థ 2023లో లెక్క తీస్తే, సూపర్‌మార్కెట్ల బంకుల్లో లాభం 2019, 2022 మధ్య లీటరుకు 6 పెన్నీలు పెరిగినట్టు తేలింది. చూసేవాడు ఉంటేనే ఇలాంటివి బయటికి వస్తాయి. ఆస్ట్రియా 2011లో ఒక నియమం తెచ్చింది: బంకువాళ్లు ధర పెంచాలంటే రోజుకు ఒక్కసారి, అదీ మధ్యాహ్నం 12 గంటలకే పెంచాలి, తగ్గించడం మాత్రం ఎప్పుడైనా చేయవచ్చు. జర్మనీలో 2013 నుంచి ప్రతి బంకూ ధర మారిన వెంటనే ప్రభుత్వ సంస్థకు తెలపాలి, జనం ఫోన్లో పోల్చి చూసుకుంటారు. వీటితో ధర సగానికి పడిపోతుందని కాదు, ఎవరు ఎప్పుడు పెంచారో, ఎప్పుడు దించలేదో నలుగురికీ కనబడుతుంది.

ప్రభుత్వాల విషయమూ అంతే. కొన్నిచోట్ల పన్ను లీటరుకు ఇంత అని ఉంటుంది, కొన్నిచోట్ల ధరలో శాతంగా ఉంటుంది. శాతంగా ఉన్నచోట హార్ముజ్‌లో భయం పుట్టిన ప్రతిసారీ ఖజానాకు తనంతట తానే ఆదాయం పెరుగుతుంది. చమురు చౌక అయినప్పుడు పన్ను పెంచి, ఖరీదైనప్పుడు తగ్గించి జనాన్ని కాపాడతాం అనే ప్రభుత్వాలూ ఉన్నాయి, ఆ పద్ధతి తప్పని నేను అనను, కానీ ఎంతకు పెంచుతారు, ఎంతకు దించుతారు అన్నది ముందే రాసిపెట్టాలి. యుద్ధం వచ్చాక సమావేశం పెట్టుకుని తేల్చేదాన్ని ముందుగా ఎవరూ నమ్మలేరు.

అందుకే మీకొక విన్నపం. జలసంధి వార్త మొదటి పేజీలో వేసిన రోజున దాని కింద నాలుగు గడుల పట్టిక వేయండి: ముడి చమురు, శుద్ధి రవాణా ఖర్చు, పన్ను, అమ్మకందారు వాటా. గొడవ సద్దుమణిగిన నెల తర్వాత అదే పట్టిక, అదే పేజీలో, అంతే పెద్దగా మళ్లీ వేయండి. ఏ గడిలో అంకె దిగలేదో పాఠకులే చూసుకుంటారు. నేను చెప్పిన ఒప్పందం కాగితం కావాలంటే పేర్లు కొట్టేసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు