బీఏ అంటే అంత భయమెందుకు?

సంపాదకులకు నమస్కారం.

పక్కింటి అమ్మాయి నిజాం కాలేజీలో బీఏ చేరతానంటే ఇంట్లో పెద్ద గొడవే అయింది. బీటెక్ వదిలి చరిత్ర చదవడమేమిటని వాళ్ల నాన్నకు టెన్షన్.

బషీర్‌బాగ్‌లోని ఆ కాలేజీ 1887 నాటిది. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ తొలి ప్రిన్సిపాల్. విచిత్రమేమంటే, నిజాం రాజ్యం నడిబొడ్డున ఉండి కూడా అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. 1918లో ఊళ్లోనే ఉస్మానియా వచ్చి ఉర్దూలో ఉన్నత చదువులు మొదలైనా, ఇక్కడ మాత్రం ఇంగ్లీషే. 1947లో గానీ ఉస్మానియా గొడుగు కిందికి రాలేదు.

నేను చదివిన రోజుల్లో పాతబస్తీ ఉర్దూ, మా నల్లగొండ యాస, సికింద్రాబాద్ తమిళం ఒకే బెంచీ మీద కూర్చునేవి. ఎకనామిక్స్ క్లాసులో మొదలైన వాదన రెండు ఇరానీ చాయ్‌లు అయినా తెగేది కాదు. (డబ్బులు ఎవరివన్నది ఇంకో వాదన.) అలా వాదించడం నాకు తర్వాత ఉద్యోగంలో బాగా అక్కరకొచ్చింది.

అడ్మిషన్ల సీజన్‌లో ఇంజినీరింగ్ ప్రకటనల పక్కన ఇలాంటి కాలేజీల గురించీ నాలుగు ముక్కలు రాయండి. ఆ అమ్మాయి వాళ్ల నాన్న చదివేది మీ పేపరే.

– ఒక పాత విద్యార్థి, నారాయణగూడ, హైదరాబాద్